వరదగుడి కట్టిన చంద్రుడు

వెన్నెల శృంగారానికి ఉద్దీపనం అని అలంకారశాస్త్రం చెప్తుంది. జమ్మలమడుగు పక్క పల్లెల్లో జూలై నెలలో పిండారబోసినట్టు వెన్నెల కాస్తే మాత్రం ఎవరికీ శృంగారం గుర్తురాదు. అంత తెల్లగా కాస్తోందంటే ఆకాశంలో మబ్బు లేదని. మబ్బు లేదంటే గొర్రు కట్టే పని లేదని. మా జేజి మిద్దె మీద పడుకుని చంద్రుణ్ణి చూసేది. ఆమె వెతికేది చంద్రుడి అందాన్ని కాదు, చుట్టూ ఉండే వలయాన్ని. దాన్ని వరదగుడి అంటారు. గుడి దగ్గరగా కడితే వాన దూరం, దూరంగా కడితే వాన దగ్గర అని లెక్క. అసలు గుడే కట్టని పున్నమి చంద్రుడు ఆమె లెక్కలో దండగ చంద్రుడు.

కథల్లో పరిసరాల్ని వర్ణించి పాఠకుడికి ఒక మూడ్ ఎట్లా కలిగించాలి అని ఎవరైనా అడిగితే నాకు మొదట ఈ చంద్రుడే గుర్తొస్తాడు. తెలుగు విమర్శలో దీనికి ‘వాతావరణ చిత్రణ’ అని పేరు. ‘వాతావరణం’ అనే మాటకి మనకి రెండర్థాలు. ఒకటి రేడియోలో చెప్పేది, ఇంకోటి కథలో కమ్ముకుని ఉండేది. వేరే ప్రాంతాల సంగతి ఏమో గానీ కడప జిల్లా కథలో ఈ రెండూ చాలాకాలం ఒకటే. ఆకాశం ఎట్లా ఉందో మనిషి మనసు అట్లా ఉంటుంది. అది కవిత్వం కోసం అన్న మాట కాదు, అప్పుల లెక్క. అయితే ఆ ఒకటైపోవడం వల్ల ఈ ప్రాంతపు కథకి ఎంత బలం వచ్చిందో, తర్వాత అంత ఇబ్బందీ వచ్చింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ ఈ చరిత్ర ఎట్లా నడిచిందో నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదట ప్రబంధం దగ్గర ఆగాలి. నగరం, సముద్రం, కొండ, ఋతువులు, చంద్రోదయం, ఉద్యానవనం, జలక్రీడ... కావ్యంలో పద్దెనిమిది వర్ణనలు ఉండాలని ఒక జాబితా. దాన్ని ఇప్పుడు వెక్కిరించడం తేలిక. కానీ అల్లసాని పెద్దన ఏం చేశాడో చూడండి. పెద్దనకి రాయలు ఇచ్చిన అగ్రహారాల్లో కోకటం ఒకటి. అది మా కమలాపురం ప్రాంతంలోనే ఉంది. ఆ కవి రాసిన ప్రవరుడు హిమాలయాలకి వెళ్ళాడు. కాలికి రాసుకున్న పసరు మంచుకి కరిగేదాకా ఆ కొండలు వాడికి వేడుక. కరిగాక అవే సెలయేళ్ళు, అవే చరియలు, కానీ వాడు ఇంటికి పోలేడు. వేళకి చెయ్యాల్సిన అగ్నికార్యం ఇంట్లో ఉంది. కొండ మారలేదు, చూసేవాడి అవసరం మారింది, దాంతో చోటు మూడ్ మారిపోయింది. పెద్దన హిమాలయం చూశాడో లేదో నాకు అనవసరం. మంచు పడని రేనాటి నేల మీద అగ్రహారం ఉన్న కవికి ఈ కిటుకు తెలుసు. జాబితా ప్రకారం కొండని వర్ణిస్తూనే, ఆ కొండ ఎవరికి ఎప్పుడు ఏమవుతుందో చూపించాడు.

పెద్దన తర్వాత నూటపాతికేళ్ళకి ఇదే ప్రాంతానికి ఒక ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చాడు. టావెర్నియే 1652లో గండికోటకి వచ్చి మీర్ జుమ్లాని కలిశాడు. అతను రాసిపెట్టిన గండికోటలో ముందు కనిపించేది దారి: కొండలో తొలిచిన ఇరుకు దారి, ఒకపక్క భయంకరమైన లోయ, లోయ అడుగున నది. ఎక్కిన తర్వాత పైన వరి, జొన్నలాంటి పైర్లు, ఊటనీళ్ళు. ఇప్పుడు మనం రీల్స్‌లో చూసే గండికోట, ఎర్రటి రాతి గోడల మధ్య పెన్నా వంపు, సాయంత్రం వెలుగు, అతని రాతలో అందంగా లేదు. విలువైన సరుకుతో తిరిగే మనిషికి లోయ అంటే జారిపడే చోటు. కోట అంటే ఎటునుంచి ఎక్కవచ్చు, ఎటునుంచి ఎక్కలేం అనేది. అతను కథ రాయలేదు, కానీ ఆ పేజీలో మూడ్ ఉంది. ఎందుకంటే ఆ చూపులో స్వార్థం ఉంది.

అతనికి పూర్తిగా ఎదురుగా నిలిచే రాతలు కైఫియత్తులు. కాలిన్ మెకంజీ కోసం పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఊరూరా కరణాలు చెప్పి రాయించిన గ్రామ చరిత్రలు. కడప జిల్లావి తర్వాత పుస్తకాలుగా కూడా వచ్చాయి. సాహిత్య విద్యార్థులు వీటిని చరిత్ర వాళ్ళకి వదిలేస్తారు, అది నష్టం. కైఫియత్తు ఎత్తుకోవడమే చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది: మొదట ఇక్కడ అడవి, ఫలానా వాళ్ళు చెట్లు కొట్టించి ఊరు కట్టారు, ఫలానా గుంట పేరు మీద ఊరికి పేరు వచ్చింది. తర్వాత గుడి, చెరువు, పొలిమేరలు, మాన్యాలు, పాలెగాడు కొల్లగొట్టిన సంగతి, ఊరు పాడుపడి మళ్ళీ నిలిచిన సంగతి. ఒక్క విశేషణం ఉండదు. కరణం ఆ ఊరి గురించి బాధపడుతున్నాడో గర్వపడుతున్నాడో వాక్యం చెప్పదు. కానీ వరసగా చదువుతూ పోతే ఒక విచిత్రమైన భావం కలుగుతుంది. ఊరు అంటే శాశ్వతమైంది కాదు, అడవిలోంచి కాసేపు బయటికొచ్చి మళ్ళీ అడవిలోకి పోగలిగేది అనే భావం. ఏ వర్ణనా లేకుండా, కేవలం హద్దులు చెప్తూ అంత దిగులు పుట్టించే వచనం నేను ఎక్కువ చూడలేదు. తెలుగులో దొరికిన తొలి గద్య శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 నాటిదని చెప్పే కలమళ్ళ శాసనం, దొరికింది కూడా ఈ చుట్టుపక్కలే. అందులోనూ అంతే, రేనాటిని ఏలేవాడి పేరు, పని. (ఇప్పుడు ఆ కలమళ్ళలో థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు మైళ్ళ దూరం నుంచి కనిపిస్తాయి. మా ప్రాంతపు సెట్టింగ్ గురించి ఎవరైనా కథ రాస్తే ఆ పొగ ఎందుకు రాదో నాకర్థం కాదు.)

ఈ మధ్యలో నేల పేరే రెండుసార్లు మారింది. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కుంపిణీకి అప్పగించాడు కాబట్టి దత్తమండలాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన పేరు రాయలసీమ. మొదటి పేరులో చేతులు మారిన సొత్తు ఉంది, రెండో పేరులో పోయిన వైభవం ఉంది. 1876–78 ధాత కరువు జ్ఞాపకం ఈ రెండు పేర్లకీ మధ్య పడింది. ఆధునిక కథ ఇక్కడ గట్టిగా మొదలయ్యేసరికి ‘ఒకప్పుడు రతనాలు, ఇప్పుడు రాళ్ళు’ అనే మాట సిద్ధంగా ఉంది. రచయిత పేనా ఎత్తకముందే చోటికి ఒక మూడ్ ఖాయమైపోయింది.

ఆ సిద్ధంగా ఉన్న మూడ్‌ని పక్కన పెట్టి నేలని మళ్ళీ మొదటినుంచి చూసినవాళ్ళలో నేను ముందు చెప్పాల్సింది కేతు విశ్వనాథరెడ్డి గారి గురించి. ఆయన 1939లో కడప జిల్లా రంగసాయిపురంలో పుట్టారు. 1996లో కథలకి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2023లో పోయారు. ఇవన్నీ చాలామందికి తెలుసు. ఆయన డాక్టరేట్ పరిశోధన కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద అన్నది మాత్రం కథల గురించి మాట్లాడేటప్పుడు మర్చిపోతాం. ఎర్రగుంట్ల, వేముల, వేంపల్లె, చింతకొమ్మదిన్నె. గుంట, చెట్టు, దిన్నె. జమ్మలమడుగు అంటే జమ్ము పెరిగే మడుగు అనీ, పులివెందుల అంటే పులుల మంద తిరిగిన చోటనీ జనం చెప్పుకుంటారు. పండితులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ పేర్లు పలికేవాడి నోట్లో ఒక నీళ్ళగుంటా, ఒక పులీ ఉన్నాయి. కళ్ళ ముందు రెండూ లేవు. ఊరి పేరుకీ ఊరికీ మధ్య ఉన్న ఆ ఖాళీలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి కథ రాస్తే నేల కేవలం వెనక కట్టిన తెరగా ఎట్లా ఉంటుంది?

ఆయన కథల పేర్లే చూడండి: ‘నమ్ముకున్న నేల’, ‘కూలిన బురుజు’, ‘పీర్లసావిడి’, ‘గడ్డి’. చోట్లు, వస్తువులు. ‘నమ్ముకున్న నేల’లో నేల కంటే ముందు ‘నమ్ముకున్న’ ఉంది. అక్కడే ఉంది అంతా. నేల ఎర్రగా ఉందా నల్లగా ఉందా అని కాదు, దాని మీద మనిషి ఏం పెట్టుకుని ఉన్నాడు అని. ఇంకో తమాషా ఏమంటే, కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా సంపాదకత్వం చేసింది ఈయనే. కొ.కు. కథల్లో ఆకాశం ఏ రంగులో ఉందో మనకి తెలీదు, ఆయనకి పట్టదు. కేతు గారి దగ్గర ఆ పొదుపు ఉంది. కానీ తెనాలి మధ్యతరగతి ఇంట్లో ఆకాశాన్ని వదిలేసి కథ చెప్పొచ్చు, ఇక్కడ కుదరదు. అందుకని ఆయన కథల్లో ఆకాశం వస్తుంది, పొదుపుగా వస్తుంది, సాధారణంగా ఎవరో ఒకరి లెక్కలోంచి వస్తుంది. రేనాటి కథ నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఇదే అని నా అభిప్రాయం.

విమర్శలో ఆ పొదుపుని డిమాండ్ చేసినవాళ్ళు రాచమల్లు రామచంద్రారెడ్డి. రా.రా.ది పులివెందుల ప్రాంతం, పైడిపాలెం. 1922లో పుట్టారు. ‘సవ్యసాచి’, తర్వాత 1968 నుంచి ‘సంవేదన’ నడిపారు. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసి వచ్చారు. పత్రికకి ‘సంవేదన’ అని పేరు పెట్టిన మనిషికి, పాఠకుడిలో అనుభూతి కలిగిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మాటల గారడీ చేసి కలిగిందని నమ్మిస్తే ఒప్పుకునే రకం కాదు. రష్యన్ సాహిత్యం దగ్గరగా తెలిసిన ఆ తరానికి చెహోవ్ పెద్ద గురువు. చెహోవ్ 1886లో అన్నకి రాసిన ఒక ఉత్తరంలో వెన్నెల రాత్రిని ఎట్లా చూపించాలో చెప్తాడు: వెన్నెల గురించి మాట్లాడొద్దు, నీటిమర కట్ట మీద పగిలిన సీసా పెంకు మెరిసిందని, ఒక కుక్క నీడ దొర్లిపోయిందని రాస్తే చాలు అని. రాత నేర్పేవాళ్ళందరూ ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇది. మంచిదే. కానీ నాకు ఇది సగమే అనిపిస్తుంది. సీసా పెంకు ఎవరికి కనిపించింది? చెప్పుల్లేకుండా నడిచేవాడికి ఆ మెరుపు ఒకటి, సీసా తాగి పడేసినవాడి పెళ్ళానికి ఇంకొకటి. వివరం ఎంచుకోవడం సరే, ఎవరి కళ్ళతో ఎంచుకున్నావన్న దగ్గరే మూడ్ పుడుతుంది.

ఈ పాఠం మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి నెర్రెల సంగతి చాలు. కరువు అనగానే మనకి కనిపించే బొమ్మ ఒకటుంది: నెర్రెలిచ్చిన నేల, దాని మీద ఒక ముసలి రైతు, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూపు. పత్రికల ఫోటోలు, కవితా సంకలనాల అట్టలు, కథల మొదటి పేరాలు, అన్నిట్లో అదే. జమ్మలమడుగు, మైలవరం, పెద్దముడియం వైపు ఉన్నది ఎక్కువ భాగం నల్లరేగడి. రేగడి ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. అది దాని గుణం. పుట్లకొద్దీ పంట పండిన ఏడు కూడా మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలు ఉంటాయి. మట్టి పెళ్ళలు విరిగి ఆ నెర్రెల్లోకి రాలతాయి, తొలకరి నీళ్ళు నేరుగా లోపలికి దిగుతాయి. నేల తన్ను తానే దున్నుకోవడం అంటారు మా వాళ్ళు. చెరువు అడుగు నెర్రెలిస్తే అది కరువు. రేగడి చేను నెర్రెలిస్తే అది వేసవి, అంతే. వాన పడిన తర్వాత కూడా నెర్రెలు పూడకపోతే, అప్పుడు రైతు గుండె జారుతుంది. ఆ తేడా తెలియని కథకుడు మే నెల నెర్రె చూపించి ఏడిస్తే, చదివే రైతు కొడుకు నవ్వుకుంటాడు. నవ్వుకుని ఆ కథని పక్కన పెడతాడు. మూడ్ పోయింది, నమ్మకం కూడా పోయింది.

అదే రేగడిలో చలికాలం శనగ ఉంటుంది. కాలువ లేదు, బోరు లేదు, నేలలో మిగిలిన పదను, పొద్దున పడే మంచు, వాటితోనే పండుతుంది. తెల్లవారి శనగ చేలో నడిస్తే ఆకు మీది పులుపు కాళ్ళకి అంటుకుని మండుతుంది. పూత మీద ఉన్నప్పుడు గట్టి వాన పడితే రైతు తిట్టుకుంటాడు. అంటే వాన అనగానే ఆనందం, ఎండ అనగానే దుఃఖం అనే సమీకరణం మా నేల మీదనే చెల్లదు. అది తెలిసిన పాఠకుడికి, డిసెంబరు ముసురు గురించి ఒక్క వాక్యం రాస్తే చాలు, కడుపులో తిప్పుతుంది.

సాహిత్యం తయారుచేసుకున్న మూస ఇది. దీనికంటే పెద్ద మూస సినిమా తయారుచేసింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ఇట్లా పదేళ్ళు వరసగా. ఎర్రటి దుమ్ము, దుమ్ములోంచి వచ్చే తెల్ల సుమోలు, పెద్ద గేటున్న ఇల్లు, మీసాలు. ఆ సినిమాల్లో సీమ ఒక చోటు కాదు, నేపథ్య సంగీతం. కెమెరా దుమ్ము చూపించగానే ప్రేక్షకుడికి భయం, ఉత్సాహం రెండూ పుట్టాలి. ఫ్యాక్షన్ అబద్ధం అని నేను అనడం లేదు. చనిపోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పిల్లలు మాతో చదువుకున్నారు. కానీ పగలున్న ఊళ్ళో మూడ్ అట్లా ఉండదు. అక్కడ శబ్దం ఉండదు. వీధి వైపు కిటికీ పెట్టని గోడ ఉంటుంది. టీ అంగడి ముందు రెండు బెంచీలుంటే, ఒకదాని మీద కూర్చునేవాళ్ళు రెండోదాని మీద కూర్చోరు. పెళ్ళి పత్రిక ఇవ్వడానికి ఏ వీధిలోంచి పోవాలో ముందే మాట్లాడుకుంటారు. వీటిలో ఏదీ సినిమాకి పనికిరాదు. కథకి మాత్రం బంగారం.

ఈ మూస కేవలం సాహిత్య సమస్య కాదు. పులివెందులకి చెందిన నా స్నేహితుడొకడు బెంగళూరులో ఇల్లు వెతుక్కుంటుంటే ఓనరు ఊరి పేరు విని నవ్వుతూనే, ‘బాంబులవీ తేవు కదప్పా’ అన్నాడు. వీడూ నవ్వాడు. ఇల్లు దొరికింది. కానీ వాడు ఆ తర్వాత ఎవరడిగినా ‘కడప దగ్గర’ అనే చెప్తున్నాడు. ఒక ఊరికి బయటివాళ్ళు అంటించిన మూడ్, ఆ ఊరివాడి నోట్లో ఊరి పేరు రాకుండా చేసింది.

పులివెందుల వైపు నుంచే దీనికి జవాబు లాంటి కథలు వచ్చాయి. కొత్త యువ పురస్కారాలు పెట్టాక సాహిత్య అకాడమీ 2011లో ‘మొలకల పున్నమి’కి వేంపల్లి గంగాధర్‌ని, 2012లో ‘జుమ్మా’కి వేంపల్లె షరీఫ్‌ని ఎంచుకుంది. ఒకే ఊరి పేరు ఇంటిపేరులా పెట్టుకున్న ఇద్దరు, వరసగా రెండేళ్ళు. గంగాధర్ పుస్తకం పేరులోనే పున్నమి ఉంది, కానీ దాని ముందు మొలక ఉంది. అలంకారశాస్త్రపు చంద్రుడు ఇక్కడ విత్తనంతో కలిసి వచ్చాడు. షరీఫ్ కథల్లో వేంపల్లె ఇంకో ఊరు. చిన్న ముస్లిం ఇళ్ళు, వంటగది, పర్దా, అమ్మ. ‘జుమ్మా’ కథలో శుక్రవారం నమాజు అమ్మకి భరోసా. 2007 మే 18న, శుక్రవారం, హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత అదే శుక్రవారం, అదే మసీదు అమ్మకి ఏమయ్యాయి అన్నదే కథ. ప్రవరుడి హిమాలయంలాగే, చోటు మారలేదు. ఇంత పెద్ద విషయాన్ని వారంలో ఒక రోజులో ఇరికించడం షరీఫ్ బలం.

కడప జిల్లాకే చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ మా మూడు ఊళ్ళ కథ కాదు గానీ దాన్ని చెప్పకుండా పోలేను. 2019లో తానా నవలా పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమాగా వచ్చింది. కరువుకి మేత లేక గొర్రెల్ని నల్లమలకి తోలుకుపోయే కాపరులు, వాళ్ళతో చదువుకున్న కుర్రవాడు. ఆ అడవిలో అందం ఉంది, కానీ ముందు మేత ఉందా, నీళ్ళున్నాయా, పులి ఎటుంది అన్న లెక్క ఉంది. ఆ లెక్కల మీదుగా అడవి మనకి పరిచయం అవుతుంది కాబట్టి, ఎక్కడో ఒకచోట కుర్రవాడు తలెత్తి అందం చూస్తే దాన్ని మనం నమ్ముతాం.

రెండేళ్ళ కింద ఆ బెంగళూరు స్నేహితుడే తన మొదటి కథ పంపాడు. మొదటి పేరాలో నెర్రెలు, రాబందు, ఎండిన బావి. మీ ఇంటి ముందు ఏముంది అని అడిగాను. అరటి తోట అన్నాడు. ఎట్లా ఉంటుంది అంటే, ‘ఏముందిరా, పచ్చగా, చల్లగా, కథకి పనికిరాదు’ అన్నాడు. మరి మీ నాయన ఎప్పుడు భయపడతాడు అని అడిగితే, కాసేపు ఆగి, గాలికి అన్నాడు. ఏప్రిల్, మే నెలల్లో గెలలు దించే ముందు వచ్చే సుడిగాలి. అరగంటలో ఏడాది తోట నడుముకి విరిగి పడుకుంటుంది. పోటు కర్రలు పెట్టినా అంతే. సరే, అది రాయమన్నాను. వాడు తిరగరాసి పంపిన దాంట్లో ఒక చోట నేను ఆగిపోయాను. అరటాకులు గాలికి కొట్టుకుంటే వచ్చే చప్పుడు అచ్చం వాన చప్పుడులాగే ఉంటుంది. రాత్రి ఆ చప్పుడు వినిపించగానే, జీవితమంతా శనక్కాయ సేద్యం చేసిన తాత సగం నిద్రలో సంతోషపడి పక్కకి తిరుగుతాడు. నాయన లేచి కూర్చుంటాడు. ఒకే ఇల్లు, ఒకే చప్పుడు. మధ్యలో మంచం మీద పడుకున్న మనవడు ఇద్దర్నీ వింటున్నాడు. నేను చదివిన సీమ కథల్లో ఇంత పచ్చటి చోట ఇంత భయం ఎక్కడా లేదు. వాడు ఆ కథని ఇంకా ఎక్కడా అచ్చుకి ఇవ్వలేదు. ముగింపు కుదరలేదంటాడు.

ప్రొద్దుటూరు గురించి ఎక్కువ చెప్పలేదని మీకు అనిపించవచ్చు. నిజానికి మా కథకులే దాని గురించి ఎక్కువ చెప్పలేదు. ఊళ్ళో రచయితలకి కొదవ లేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ అక్కడి అగస్త్యేశ్వరస్వామి గుడిలో రాశారని ప్రసిద్ధి. గడియారం వేంకట శేషశాస్త్రి అక్కడివారే. దాదా హయాత్ అక్కడి కథకుడు. ఆయన ‘ఎల్లువ’ అని కథకి పేరు పెడితే, ‘వెల్లువ’లో ‘వ’ తీసేసిన ఆ ఒక్క ఉచ్చారణతోనే చోటు వచ్చేస్తుంది, వేరే వర్ణన అక్కర్లేదు. కానీ పత్తి, బంగారం, వడ్డీ, వ్యాపారం నడిచే ఊరు కరువు కథలో ఇమడదు. బంగారు పని చేసే అంగళ్ళలో సాయంత్రం ఊడ్చిన దుమ్ముని పారెయ్యరు, దాచి అమ్ముతారు, అందులో రజను ఉంటుంది కాబట్టి. దుమ్ము అంటే సినిమాకి సుమో, పల్లె కథకి కరువు, ప్రొద్దుటూరుకి ఆదాయం. ఆ దుమ్ము ఊడ్చే మనిషి కళ్ళలోంచి ఆ బజారుని ఎవరైనా రాయాలి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. సీమ కథ పుట్టినప్పటినుంచి అందులో నీళ్ళంటే ఆశ. చుక్క కనిపిస్తే పాఠకుడి ఊపిరి తేలికవుతుంది. శ్రీశైలం నీళ్ళు గాలేరు–నగరి కాలువ మీదుగా వచ్చి గండికోట జలాశయంలో నిలుస్తున్నాయి. దాని సామర్థ్యం 26 టీఎంసీల పైనే. అక్కడినుంచి ఎత్తిపోసి పులివెందుల వైపు చిత్రావతి జలాశయానికీ, రా.రా. ఊరి పేరే పెట్టుకున్న పైడిపాలెం జలాశయానికీ ఇస్తున్నారు. నా స్నేహితుడి నాయన లాంటివాళ్ళ అరటి, చీనీ తోటలకి ఆ నీళ్ళే భరోసా. ఆ జలాశయాన్ని నింపడానికి కొండాపురం మండలంలో పల్లెలు ఖాళీ అయ్యాయి. తాళ్ళప్రొద్దుటూరు 2020లో మునిగింది. వేలమంది ఉన్న ఊరు. అంత పెద్ద ఊరిని కైఫియత్తు కరణం అయితే రెండు వాక్యాల్లో ముగించేవాడు: ఫలానా సంవత్సరం దాకా ఊరుండేది, తర్వాత నీళ్ళు.

మొన్న నవంబరులో ఆ నీళ్ళ ఒడ్డుకి పోయాను. గాలి లేదు. ఎంతదూరం చూసినా నిండుగా, నున్నగా ఉంది. పక్కన కారు ఆపుకున్న కుటుంబం ఒకటి, మన సీమేనా ఇది, సముద్రంలాగుంది అనుకుంటూ ఫోటోలు దిగుతోంది. వాళ్ళ సంతోషం నిజం. ఇంకొంచెం అవతల బండి స్టాండు వేసి ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఏ ఊరు పెద్దాయనా అని అడిగితే తాళ్ళప్రొద్దుటూరు అన్నాడు, ఇప్పటికీ ఊరు ఉన్నట్టే. మీ ఇల్లు ఎటువైపు అన్నాను. చెయ్యెత్తి చూపించబోయి, గుర్తు పట్టడానికి చెట్టు గానీ గుడి శిఖరం గానీ ఏదీ లేక, చెయ్యి అటూ ఇటూ కొంచెం కదిలించి దించేశాడు. ‘ఆ పక్కనే’ అన్నాడు.